ఆ 52 అడుగులు ఎటు పోయాయి?

మా మేనకోడలికి స్కూలు ప్రాజెక్టులో ఒక్క మార్కు పోయింది. ఆ ఒక్క మార్కు మీద మా ఇంట్లో మూడు ఆదివారాలు వాదన నడిచింది, ఇంకా పూర్తిగా చల్లారలేదు, అందుకే ఇక్కడ రాసి పారేస్తే నాకైనా కాస్త నిద్ర పడుతుందని కూర్చున్నాను.

ప్రాజెక్టు పేరు 'మా ఊరు', అంటే విజయవాడ. పిల్ల ఆరో తరగతి. చార్టు మీద కృష్ణ, బ్యారేజీ, దుర్గమ్మ కొండ అన్నీ వేసి, ఒక మూల గాంధీ కొండ గీసి, దాని పక్కన 'ఎత్తు 552 అడుగులు' అని రాసింది. కొండ 500 అడుగులని అందరూ చెప్పేదే. పైనున్న గాంధీ స్తూపం 52 అడుగులు, 1968 అక్టోబర్ 6న అప్పటి రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ వచ్చి ఆవిష్కరించిన స్తూపం అది. 500కి 52 కలిపితే 552. కూడికలో తప్పేం లేదు. టీచర్ మాత్రం ఆ అంకెకు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్కన 500 అని రాసి, మార్కు కోసేసింది.

మా బావగారికి, అంటే పిల్ల నాన్నకి, గవర్నరుపేటలో శానిటరీ సామాన్ల షాపు. పొద్దున్నుంచి రాత్రి దాకా అంగుళాలూ అడుగులూ లెక్కపెట్టి బతికే మనిషి. ఆయనకు కడుపు మండిపోయింది.

"52 అడుగులంటే ఐదంతస్తుల బిల్డింగు బావా. ఐదంతస్తులు ఎటు పోతాయి? కొండెక్కి తలెత్తి చూస్తే కనపడుతుందా లేదా?" అని నా మీదికి వచ్చారు, ఆ మార్కేదో నేనే కోసినట్టు. నా మీదికే ఎందుకంటే నా పని లెవెల్స్ తీయడం, అంటే నేల ఎత్తుపల్లాలు కొలవడం. ఇరవై ఏళ్లుగా ఆటో లెవెలు (మట్టం చూసే దుర్బిణి), స్టాఫు (అంకెలు గీసిన కొలకర్ర) వేసుకుని రోడ్లూ కాలవలూ లేఅవుట్లూ తిరుగుతున్నాను. ఈ ఊళ్లో ఏ గుంట ఎంత లోతో ఏ మెరక ఎంత ఎత్తో అడిగితే నాకు తెలియాలని మా వాళ్ల నమ్మకం.

నేను మొదట టీచర్ పక్షమే మాట్లాడాను. మా పనిలో కొత్తగా వచ్చిన కుర్రాడికి నేర్పే మొదటి మాట "స్టాఫు నేల మీద పెట్టరా" అని. వాడు బురద అంటుతుందని పక్కనున్న రాయి మీదో, ఇటుక మీదో పెడతాడు. ఇక్కణ్నుంచి లెన్సులో చూస్తే అంకె బాగానే కనపడుతుంది, కానీ అది నేల ఎత్తు కాదు, ఇటుక ఎత్తు. సాయంత్రం కాగితం మీద లెక్క వేస్తే చదునుగా ఉన్న పొలంలో ఒక్కచోట మూడంగుళాల గుట్ట లేస్తుంది. కాబట్టి కొండ ఎత్తు అంటే కొండ ఎత్తే, దాని నెత్తి మీద పెట్టిన ఇటుకను కలపకూడదు, అంతే కదా అన్నాను.

"మరి కల్వర్టు పిట్టగోడ మీద పెయింటుతో బీఎం అని రాసుకుంటారు కదా, అది నేలా?" అన్నారు బావగారు. శానిటరీ షాపాయనకు ఇవన్నీ ఎలా తెలుస్తాయో! నిజమే, బీఎం అంటే బెంచ్ మార్కు, ఎత్తు ముందే తెలిసిన గుర్తు, అది కావాలంటే మేమే కట్టడాల మీదికి ఎక్కుతాం. కల్వర్టు, గుడి మెట్టు, స్కూలు అరుగు, కదలనిది ఏది దొరికితే అది. మట్టి వానకు కుంగుతుంది, గుడి మెట్టు కుంగదు. ఎత్తు కొలవడానికి కట్టడం కావాలి, ఎత్తు చెప్పేటప్పుడు మాత్రం కట్టడం వద్దా అని ఆయన అడిగితే ఆ పూటకి నా దగ్గర జవాబు లేదు. అసలు పాత సర్వేవాళ్లదీ ఇదే తంతు. 1802లో మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర మొదలుపెట్టి దేశమంతా త్రికోణాలు గీసుకుంటూ పోయిన లాంబ్టన్ దొర, తంజావూరు దగ్గర చుట్టూ చదును నేలే కావడంతో 1808లో కోణాలు కొలిచే అరటన్ను బరువుండే థియోడలైటును తాళ్లు కట్టి పెద్ద గుడి గోపురం మీదికి లాగించబోయాడు, అది కాస్తా గోపురానికి కొట్టుకుని దెబ్బతింది. కొండ దొరకని చోట గోపురమే కొండ ఆయనకి.

ఆ రాత్రి ఫోను పట్టుకుని కూర్చున్నాక తెలిసింది, ఈ గొడవ మా ఇంట్లోదే కాదు, డెన్మార్క్ అనే దేశం మొత్తం ఎన్నో ఏళ్లు పడిందని.

డెన్మార్క్ మన డెల్టా లాగా చదును దేశం. వాళ్లకో పేరున్న కొండ ఉంది, హిమ్మెల్‌బ్యెర్గెట్, అంటే ఆకాశపు కొండ అని. ఆకాశపు కొండ ఎత్తు 147 మీటర్లు. మన లెక్కలో 482 అడుగులు. గాంధీ కొండకు చెప్పుకునే 500 కూడా లేదు! ఒకప్పుడు దేశంలో అదే ఎత్తైనదనుకున్నారు, తర్వాత కొలిచి చూస్తే కాదని తేలింది. ఆ తర్వాత పోటీ రెండు గుట్టల మధ్యకు వచ్చింది. ఒకటి ఐయర్ బావ్నెహోయ్, 170.35 మీటర్లు, దాని మీద 1924లో 13 మీటర్ల స్మారక బురుజు కట్టారు. రెండోది యిడింగ్ స్కోవ్‌హోయ్, 172.54 మీటర్లు. పెద్దది 172.54 కదా, అది గెలిచినట్టే అనుకుంటాం. కానీ ఆ గుట్ట నెత్తిన కంచు యుగం నాటి సమాధి దిబ్బ ఒకటి ఉంది. దాదాపు మూడు వేల ఏళ్ల కిందట ఎవరో తమ పెద్దమనిషిని పాతిపెట్టి పైన మట్టి పోసి కప్పిన దిబ్బ. మనుషులు పోసిన మట్టి చెల్లదని దాన్ని తీసేస్తే మిగిలేది 170.77. సరే అది కూడా ఐయర్ కన్నా ఎక్కువేలే అనుకుంటుంటే, 2005లో మళ్లీ కొలిచినప్పుడు ఐయర్ పక్కనే ఉన్న ఇంకో గుట్ట, మోలెహోయ్, 170.86 ఉందని తేలింది. అంటే తొమ్మిది సెంటీమీటర్ల తేడాతో, ఒక జానెడు కూడా కాని తేడాతో, దేశ శిఖరం చేతులు మారింది. ఆ మోలెహోయ్ మీద ఒకప్పుడు గాలిమర ఉండేదట. ఇప్పుడు ఆ చోటికి గుర్తుగా గాలిమరలోని తిరగలి రాయి ఒకటి నేల మీద పడి ఉంటుంది. తిరగలి రాయిని లెక్కలో కలపలేదు లెండి.

ఇక్కడ నాకు సరదాగా అనిపించిందేమంటే, 170.86 మీటర్లంటే 560 అడుగుల చిల్లర. మా పిల్ల రాసిన 552కి ఎనిమిదిన్నర అడుగులే ఎక్కువ. ఇది చెప్పగానే మా బావగారు "చూశావా, మన గాంధీ కొండ దాదాపు ఒక దేశమంత ఎత్తు" అని పిల్ల వీపు తట్టారు. అసలు ఆ 500 సముద్ర మట్టం నుంచా, రైల్వే స్టేషన్ రోడ్డు మీద నుంచా అని నేను గొణుక్కుంటూ ఉండిపోయాను. మనం సముద్ర మట్టం అని వాడేది 1909లో ఖాయం చేసింది, తొమ్మిది రేవుల్లో ఆటుపోట్లు కొలిచి తీసిన సగటు, అందులో మన విశాఖపట్నమూ ఒకటి. అది కూడా ఒకరకంగా మనుషులు కట్టిందే. సరే, అటు పోతే ఇవాళ తెమలదు.

కట్టడాలన్నీ కలిపేద్దాం, ఏం పోయింది అనేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, కలిపితే ఏమవుతుందో చూడండి. డెన్మార్క్‌లోనే సముద్రం మీద కట్టిన గ్రేట్ బెల్ట్ వంతెన స్తంభాలు నీటి మీద 254 మీటర్లు ఉన్నాయి. అంటే దేశంలో శిఖరం అనుకునేది సముద్రం మధ్యలోకి పోతుంది. ఖతార్‌లో అన్నిటికన్నా ఎత్తైన నేల 103 మీటర్లు, 2006 ఆసియా క్రీడల కోసం దోహాలో కట్టిన ఆస్పైర్ టవర్ ఒక్కటే 300. నెదర్లాండ్స్‌లో మూడు దేశాల సరిహద్దు కలిసే చోట వాల్సెర్‌బర్గ్ అనే గుట్ట ఉంది, 322 మీటర్లు. అదే దేశంలో చదును నేల మీద నిలబెట్టిన ఒక ప్రసార టవర్ 366 దాటుతుంది. (ఆ వాల్సెర్‌బర్గ్‌కి ఇంకో అవమానం కూడా జరిగింది. 2010లో కరీబియన్ సముద్రంలోని సాబా దీవి పాలన మారి నేరుగా నెదర్లాండ్స్‌లో భాగమయ్యేసరికి, అక్కడి ఎనిమిది వందల మీటర్లు దాటిన అగ్నిపర్వతం వచ్చి కూర్చుంది. రాయి కదల్లేదు, మట్టి పోయలేదు, కాగితం మీద సంతకంతో శిఖరం సముద్రం దాటేసింది.) ఇలా కలుపుకుంటూ పోతే ప్రతి దేశంలో రియల్ ఎస్టేట్ వాళ్లే శిఖరాలు నిర్ణయిస్తారు. కొండ ఎత్తు బ్రోచర్లో రాసుకునే అంకె అవుతుంది.

బిల్డింగుల వాళ్లకైనా ఇది తెగిందా అంటే లేదు. మలేషియా పెట్రోనాస్ టవర్లు 452 మీటర్లు, షికాగోలో సియర్స్ టవర్ 442. కానీ సియర్స్ పైకప్పు పెట్రోనాస్ పైకప్పు కన్నా ఎంతో ఎత్తు, పైన యాంటెనాలు పెడితే 500 దాటిపోతుంది. శిఖర కలశం లాంటి మొనలు కట్టడంలో భాగం, యాంటెనా భాగం కాదు అని ఆ లెక్కలు తేల్చే సంస్థ 1996లో పెట్రోనాస్‌కి ఓటు వేసింది. షికాగోవాళ్లు ఊరుకుంటారా, గొడవ పెట్టుకున్నారు, చివరికి పైకప్పుకో లెక్క, మొనకో లెక్క, మనుషులుండే అంతస్తుకో లెక్క అని వేరువేరు పోటీలు పెట్టి సర్ది చెప్పారు. మన దగ్గర పెళ్లిలో అలిగిన వియ్యంకుడికి వేరే కుర్చీ వేసినట్టు.

కాబట్టి కట్టడాలు వద్దు. ఇక్కడిదాకా నేనూ టీచరూ ఒకటే. కానీ డెన్మార్క్ వాళ్లు ఆ సమాధి దిబ్బను తీసేయడం మాత్రం నాకు మింగుడు పడలేదు, పడదు కూడా. ఎందుకో చెప్తాను.

కొన్నేళ్ల కిందట ఊరి శివార్లలో ఒక లేఅవుట్‌కి లెవెల్స్ తీస్తున్నాం. మట్టి ఎంత తోలారో లెక్క కట్టాలంటే ముందు ఉన్న నేల ఎంతో తీసుకోవాలి, ఒరిజినల్ గ్రౌండ్ లెవెల్ అంటాం. పొలం మధ్యలో నడుమెత్తు దిబ్బ ఒకటి, మీద తుమ్మ మొలిచి, చుట్టూ గడ్డి. మట్టి తోలే కాంట్రాక్టరు అది లెక్కలోకి రాదంటాడు, ఎందుకంటే దిబ్బను నేలగా రాస్తే ఆయన తోలాల్సిన మట్టి తగ్గిపోతుంది, బిల్లూ తగ్గుతుంది. "అది నేల కాదండీ, వీళ్ల తాతల కాలం నాటి పెంటదిబ్బ" అన్నాడు. పొలం అమ్ముకున్న ముసలాయన్ని పిలిచి అడిగితే, "మా తాత కూడా దాన్ని దిబ్బ అనే అనేవాడు బాబూ, ఎవరు పోశారో మాకు తెలవదు" అన్నాడు. సైటు ఇంజనీరు ఒక్క నిమిషం చూసి, "మనం రాకముందు ఉన్నదంతా ఒరిజినలే, స్టాఫు దాని మీద పెట్టండి" అన్నాడు. నేను విన్న తీర్పుల్లో అంత శుభ్రమైనది ఇంకోటి లేదు.

పైగా అమరావతి మనకెంత దూరం? అక్కడి మహాచైత్యాన్ని ఊరివాళ్లు దీపాలదిన్నె అనేవారు. సర్వే చేసే మెకంజీ దొర 1797లో వచ్చి చూసేనాటికి అది వాళ్లకు స్తూపం కాదు, దిన్నె. బుద్ధుడి పేరు మీద కట్టినదన్న సంగతే ఎవరికీ గుర్తులేదు. కట్టినవాళ్లు పోయారు, మట్టి కప్పింది, గడ్డి మొలిచింది, జనం దానికి నేల పేరు పెట్టేశారు. ఆ పక్కనే కొత్త ఊరు కట్టుకుంటున్న జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు మనుషులు ఇటుకల కోసం, రాళ్ల కోసం దాన్నే తవ్వుకుపోయారు. మెకంజీ మళ్లీ 1816లో వచ్చేసరికి దిన్నె నడిమధ్యన చెరువు తవ్వి ఉంది. దిన్నె పోయి గుంట అయింది! ఇప్పుడు చెప్పండి, అప్పట్లో పల్నాటి దాకా లెవెల్స్ తీసుకుంటూ పోయే వాడెవడైనా ఉంటే, దీపాలదిన్నె మనుషులు కట్టింది కాబట్టి తీసేసి రాయాలా? అలాగైతే ఆ గుంట కూడా మనుషులు తవ్విందే కాబట్టి పూడ్చేసినట్టు రాయాలి కదా?

డెన్మార్క్ లెక్కలో నాకు అన్యాయంగా కనపడేది ఇదే. పోసింది చెల్లదు, తవ్వింది మాత్రం చెల్లుతుంది. మా ఊరి చుట్టూ కంకరకీ గ్రావెల్‌కీ సగానికి సగం కోసేసిన కొండలు ఎన్ని లేవు? నా చిన్నప్పుడు గుండ్రంగా ఉన్న గుట్ట ఇప్పుడు కోసిన కేకు ముక్కలా నిలబడి ఉంటుంది. దాని ఎత్తు రాయమంటే ఎవరైనా ఇవాళ ఉన్న ఎత్తే రాస్తారు, క్వారీ వాళ్లు తినేసింది తిరిగి కలిపి రాయరు. తీసేటప్పుడు మనిషి చెయ్యి లెక్కకు వస్తే పోసేటప్పుడు ఎందుకు రాదు?

బెర్లిన్ వాళ్లు ఈ విషయంలో మనలాంటి వాళ్లు. ఆ ఊళ్లో ప్రకృతి ఇచ్చిన గుట్ట ముగ్గెల్‌బెర్గె, 115 మీటర్ల లోపు. యుద్ధంలో ఊరంతా కూలిపోయాక ఆ శిథిలాలు తీసుకెళ్లి, నాజీలు సగం కట్టి వదిలేసిన ఒక మిలిటరీ కాలేజీ మీద గుమ్మరిస్తే టాయ్‌ఫెల్స్‌బెర్గ్ లేచింది, 120 మీటర్లు. కూలిన ఇళ్ల ఇటుకలతో పుట్టిన కొండ, ఇప్పుడు దాని మీద అడవి, పిల్లలు గాలిపటాలు ఎగరేస్తారు. ఆ తర్వాత ఊరికి ఇంకో చివర నిర్మాణాల చెత్త పోసిన ఆర్కెన్‌బెర్గె దాన్ని కూడా కాస్త దాటేసింది. మేం పోసిందే కదా అని వాళ్లు తీసేయలేదు, ఊళ్లో ఎత్తైనది అదే అంటున్నారు. ఢిల్లీ ఘాజీపూర్ చెత్తగుట్ట 65 మీటర్లకు పెరిగి కుతుబ్ మీనార్‌ని అందుకోబోతోందని 2019లో పేపర్లన్నీ రాశాయి. చూడ్డానికి సిగ్గుచేటే. కానీ సిగ్గుచేటైనంత మాత్రాన ఎత్తు తగ్గదు.

బెల్జియం వాళ్లది మాత్రం శుద్ధ మోసం, నవ్వొచ్చే మోసం. వాళ్ల శిఖరం బొట్రాంజ్ 694 మీటర్లు. 700 అయితే బాగుంటుందనిపించింది. 1923లో అక్కడ ఆరు మీటర్ల మట్టిదిబ్బ పోసి, మెట్లు కట్టి, ఎక్కి నిలబడితే 700 అనిపించుకున్నారు. నా సూత్రం ప్రకారం నేను దీన్ని కూడా ఒప్పుకోవాలి. వందేళ్లయింది, దిబ్బ అక్కడే ఉంది, ఒప్పుకుంటాను, కానీ మనసారా కాదు.

నా సూత్రం ఏమిటంటే, ఎవరు చేశారన్నది కాదు, వదిలేస్తే ఉంటుందా అన్నది చూడాలి. ఇసక ట్రాక్టరు ట్రక్కు ఎత్తి దించితే పడే కుప్పను చూడండి. జారాల్సింది జారుతుంది, ఆగాల్సిన చోట ఆగుతుంది, ఎంత వాలు ఉండాలో అదే చూసుకుంటుంది. తర్వాత దాని దగ్గర ఎవరూ కాపలా ఉండక్కర్లేదు. అదే గోపురం అయితే? మంగళగిరి గాలిగోపురం ఉంది, పదకొండు అంతస్తులు, 153 అడుగులు, ఆ వాసిరెడ్డి నాయుడే 1807-09 మధ్య కట్టించాడు. కొండ కిందే నిలబడి కొండతో పోటీ పడుతున్నట్టు ఉంటుంది. కట్టాక ఒక పక్కకు ఒరిగితే, కంచి నుంచి స్థపతులు వచ్చి ఎదురుపక్క కోనేరు తవ్విస్తే నిటారయిందని ఒక కథ చెబుతారు. కథలో నిజమెంతో గానీ, గోపురం ఉన్న ప్రతి ఊళ్లో జరిగేది అదే, ఎవరో ఒకరు దాని ఒరుగు చూస్తూ ఉండాలి. సందుల్లో రావి మొక్క మొలిస్తే తాడు కట్టుకుని ఎక్కి పీకాలి. పీకకపోతే ఏమవుతుందో శ్రీకాళహస్తిలో చూశాం. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం, పగుళ్లిచ్చి పగుళ్లిచ్చి, 2010 మే 26 రాత్రి కుప్పకూలింది. మళ్లీ కట్టుకున్నాం, 2017లో కుంభాభిషేకం చేసుకున్నాం. గోపురం అంటే ప్రతి తరం మళ్లీ మళ్లీ నిలబెట్టుకునేది. పోలండ్‌లో 646 మీటర్ల రేడియో స్తంభం, అప్పట్లో ప్రపంచంలోకెల్లా ఎత్తైనది, 1991లో దాన్ని పట్టుకున్న తాళ్లు మారుస్తుండగా కూలిపోయింది. తాళ్లు పట్టుకుంటే నిలబడేదాన్ని దేశానికి శిఖరం అంటామా?

మన భాష ఈ తేడా ఎప్పుడో చెప్పేసింది, మనమే వినిపించుకోలేదు. ఎత్తు అనే మాట దేనికైనా వాడతాం, మనిషికి, బిల్డింగుకి, మడమల చెప్పులకి. మెరక అనే మాట నేలకే. మట్టి తోలితే "స్థలం మెరక చేశాం" అంటాం, పేపర్లో ఇళ్ల స్థలాల 'మెరక పనులు' అని రాస్తారు. మనిషి పోసిన మట్టికి మెరక అని ఒప్పేసుకుంది తెలుగు. కానీ మూడంతస్తులు వేసినవాణ్ని స్థలం మెరక చేశాడని ఎవరైనా అన్నారా? దేశంలో ఎత్తైన చోటు ఏది అన్న ప్రశ్నని 'దేశంలో ఎత్తైన మెరక ఏది' అని తెలుగులో అడిగి ఉంటే ఈ గొడవలో సగం ఉండేది కాదు.

మెరక అంటే ఏంటో మాకు 2024లో తెలిసింది. మాది పాయకాపురం. ఇల్లు కట్టేటప్పుడు ముందు మూడడుగులు బుసక తోలించాం, రోడ్డు కన్నా ఎత్తు ఉండాలని. అప్పట్లో ఉంది. తర్వాత రోడ్డు మీద రోడ్డు రెండుసార్లు వేశారు, పాతది తవ్వకుండా పైన పైనే. మా గుమ్మం రోడ్డు మట్టానికి వచ్చేసింది. సెప్టెంబర్ 1 ఆదివారం బుడమేరు వరద వచ్చింది. పొద్దున మెట్టు మీద తడి, మధ్యాహ్నానికి హాల్లో మోకాళ్లు, రాత్రికి కిటికీ చెక్క దాకా. మా వీధి చివర ఒకాయన ఇంకో నాలుగడుగులు ఎక్కువ మట్టి పోయించి కట్టాడు, అంత మట్టి దండగ అని అందరం నవ్వుకున్నాం. నీళ్లు ఆయన గుమ్మం కింద ఆగిపోయాయి. ఈ మట్టి దేవుడు పోశాడా, టిప్పర్ పోసిందా అని నీళ్లు అడగలేదు. లెవెల్ ఎంతో అంతే.

నేను ఇది చెప్పి గెలిచేశాననుకున్నాను. బావగారు టీ గ్లాసు కింద పెట్టి, "మరి ఆ మూడు రోజులు మీరెక్కడున్నారు బావా?" అన్నారు.

డాబా మీద. డ్రోన్ పట్టుకొచ్చి దించిన పొట్లాలు తింటూ, టార్పాలిన్ కింద, నలుగురం. కట్టడం లెక్కలోకి రాదన్న మనిషిని మూడు రోజులు కట్టడమే మోసింది. నేను ఆయనకిచ్చిన జవాబు, డాబా ప్రాణం కాపాడింది గానీ మా స్థలాన్ని మెరక చేయలేదు, మెరకైతే డాబా ఎక్కే పనే ఉండేది కాదు అని. జవాబు సరైనదే. కానీ చెప్తుంటే నాకే గొంతులో కొంచెం అడ్డుపడింది, దాచడం ఎందుకు.

ఆయన అంతటితో వదల్లేదు. "వదిలేస్తే ఉండేదే లెక్క అంటావు, మరి మంచు ఉంటుందా?" అన్నారు. ఈ ప్రశ్న మా మేనకోడలు అందించిందని నా అనుమానం. ఎవరెస్టు మీద చైనా వాళ్లు 2005లో రాతి మట్టం తీసి 8,844.43 మీటర్లన్నారు, పైన మంచు మూడున్నర మీటర్లు విడిగా చెప్పారు. నేపాల్ వాళ్లు మంచుతో కలిపే లెక్క అన్నారు, చాలా ఏళ్లు ఎవరి అంకె వాళ్లదే. చివరికి 2020 డిసెంబర్‌లో రెండు దేశాలూ కలిసి 8,848.86 అని ప్రకటించాయి, అది మంచుతో కలిపినదే. అంటే మంచు గెలిచింది. కానీ స్వీడన్‌లో చూడండి, కెబ్నెకైసె పర్వతానికి దక్షిణ శిఖరం మంచుది, ఉత్తర శిఖరం రాతిది. దక్షిణానిదే పెద్దరికం అనుకుంటూ వచ్చారు. ఎండలకు కరిగి కరిగి 2019 కల్లా అది ఉత్తర శిఖరం కన్నా తగ్గిపోయింది. వాళ్లు మారు మాట్లాడకుండా జవాబు మార్చుకున్నారు. నేనూ అదే అంటాను. మంచుని నిలబెట్టడానికి ఎవరూ జీతం ఇవ్వక్కర్లేదు, అదే పడుతుంది, అదే ఉంటుంది, ఉన్నన్నాళ్లు లెక్క, పోయిన రోజు జవాబు మార్చేద్దాం. డెన్మార్క్ వాళ్లూ సమాధి దిబ్బని అలాగే చూడొచ్చు. మూడు వేల ఏళ్లు ఎవరూ చూడకుండా ఉన్నది ఇంకెన్నాళ్లు ఉంటే నేల అవుతుంది?

అందుకని నా లెక్కలో డెన్మార్క్ శిఖరం మోలెహోయ్ కాదు, యిడింగ్ స్కోవ్‌హోయే. 172.54. ఎవరూ నన్ను అడగలేదు, అయినా చెప్తున్నాను. గాంధీ కొండ మాత్రం 500, ఎందుకంటే స్తూపానికి పెయింట్ వేయాలి, పగులు పూడ్చాలి, ఎవరో ఒకరు చూసుకోవాలి. స్వరాజ్య మైదానంలో పీఠంతో కలిపి 206 అడుగులున్న అంబేడ్కర్ విగ్రహమైనా అంతే, గొప్పదే, ఎత్తైనదే, మెరక కాదు. పిల్లకు మార్కు పోవడం న్యాయమే అని మూడో ఆదివారం తేల్చి చెప్పాను. మా చెల్లెలు నాకు ఆ పూట కాఫీ ఇవ్వలేదు.

తర్వాత వారం పిల్ల పట్టుబడితే ముగ్గురం కొండెక్కాం. ఎండ ఇంకా దిగలేదు. పైన స్తూపం నీడలో నిలబడి చూస్తే ఒక పక్క రైలు పట్టాలు, ఇంకో పక్క వన్ టౌన్ డాబాలు, దూరంగా బ్యారేజీ. బావగారు మెడ వెనక్కి వంచి స్తూపం కొస దాకా చూసి "52 అడుగులు" అన్నారు, అన్యాయంగా పోయినవాళ్ల పేరు చెప్పినట్టు. పిల్ల నా ఫోన్లో ఎత్తు చూపించే యాప్ తెరిచి నేల మీద పెట్టింది. అంకె నిమిషానికొకటి మారుతోంది. విసుగొచ్చి ఫోను వదిలేసి స్తూపం చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

రెండు చుట్లు తిరిగి వచ్చి కాలితో నేలని తట్టింది. "మావయ్యా, కొండ పైన ఇంత చదును ఎలా ఉంది?"

స్తూపం కట్టాలంటే చదును కావాలి కదమ్మా, పైన చెక్కి ఉంటారు అన్నాను.

"ఎంత చెక్కి ఉంటారు?"

నేను చుట్టూ చూశాను. ఇరవై ఏళ్ల అనుభవంతో చుట్టుపక్కల వాలు చూసి కంటితో అంచనా వేయబోయాను, ఆగిపోయాను. బావగారు చొక్కా జేబులోంచి పెన్ను తీసి, షాపు బిల్లు ఒకటి వెనక్కి తిప్పి, నాకు అందించారు.